దూదికి తెలిసిన సంగతి

పోయిన వారం మనం ఐసమ్మను హార్మోన్ల డాక్టరమ్మ గది గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగా వదిలేశాం. వారం పాటు అలా నిలబెట్టినందుకు ఆమె మనల్ని ఒక్క మాట కూడా అనలేదు. అనే మనిషే అయితే ఈ కథ ఇంత దూరం వచ్చేదే కాదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి లోపలికి పోదాం. ఐసమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. అంబులెన్సులను పంపే కంట్రోల్ రూములో, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చునే ఉద్యోగం ఆమెది. అవతల మనిషి గుండెలు బాదుకుని ఏడుస్తున్నా ఇవతల ఈమె గొంతు వణకదు. తోటివాళ్ళు ముందు ఐసుగడ్డ అన్నారు, తరవాత గౌరవం కొద్దీ గడ్డ తీసేసి అమ్మ తగిలించారు. ఆ ఐసే ఇప్పుడు కరిగిపోతోంది. రాత్రి నిద్ర పట్టదు. పట్టినా, ఎవరో తట్టి లేపినట్టు తెల్లవారకముందే దడతో మెలకువ వస్తుంది. దువ్వెన నిండా జుట్టే. నెలసరి దారి తప్పింది. పిట్టలా తింటున్నా నడుము చుట్టూ ఒళ్ళు పేరుకుపోతోంది. ఏమీ లేని మనిషికి షుగరు కూడా గీత దగ్గర తొంగి చూస్తోంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ ఫోను వచ్చింది. పడమటి వంతెన దగ్గర మా నాన్నకు ఊపిరాడటం లేదని ఒక కూతురు ఏడ్చింది. బండి తూర్పు వంతెనకు పోయింది. ఊరికి ఆ కొసన అది, ఈ కొసన ఇది. బండి వెనక్కి తిరిగి వచ్చేసరికి ఆ పెద్దాయన లేడు. డ్రైవరుకు ఏ వంతెన చెప్పిందో ఐసమ్మకు గుర్తు లేదు. మసగ్గా కూడా లేదు, ఆ మాట దగ్గర ఉత్త ఖాళీ. షిఫ్టు పెద్దను అందరూ మాస్టారు అంటారు. ఆ గదిలో ఉన్న ప్రతి గొంతుకూ పని నేర్పింది ఆయనే. కాల్ బరువుగా ఉన్నప్పుడు పెద్దవాళ్ళు రెండో హెడ్‌ఫోను తగిలించుకుని పక్క లైనులో చెవి, అవసరమైతే మాట కూడా కలపడం అక్కడి అలవాటు. ఆ రోజు ఆమె పక్కన అలా చెవి కలిపిన మనిషి కూడా మాస్టారే. తరవాత రికార్డింగు తానొక్కడే విన్నాడు. "నువ్వే తూర్పు అన్నావమ్మా. నువ్వు మాత్రం వినకు, తట్టుకోలేవు," అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆరోగ్యం బాగా లేదని ఉద్యోగం వదిలేస్తే విచారణ అక్కడితో ఆగిపోతుందని దారి కూడా ఆయనే చూపించాడు. భర్త సరేనన్నాడు. టైపు చేసిన రాజీనామా కాగితం భోజనాల బల్ల మీద, ఎగిరిపోకుండా ఉప్పు డబ్బా కింద ఉంది. రేపు పొద్దున అది ఆఫీసులో ఉండాలి.

సంతకం పెడితే ఒక మనిషి ప్రాణం తన తలకాయ తప్పు వల్లే పోయిందని ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే విచారణలో అదే మాట పదిమంది ముందు అనిపించుకోవాలి. ఐసమ్మకు ఉద్యోగం మీద కన్నా ఒక్క సంగతి మీదే ప్రాణం కొట్టుకుంటోంది. ఆ తూర్పు అన్న మాట నిజంగా తన నోట్లోంచే వచ్చిందా? తన ఒళ్ళు తనను అంత మోసం చేసిందా?

ఇక గుమ్మం దాటిద్దాం.

డాక్టరమ్మ ఐసమ్మ కన్నా చిన్నది, మాట మాత్రం పెద్ద. ముందు వారం ఆమె కొన్ని చిన్న గొట్టాలు, వాటిలో దూది చుట్టలు ఇచ్చి పంపింది. డ్యూటీ రోజు ఒకటి, సెలవు రోజు ఒకటి ఎంచుకుని, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఆ దూదిని నోట్లో పెట్టుకుని నమిలి, ఉమ్మి పీల్చిన దూదిని మళ్ళీ గొట్టంలో వేసి మూత పెట్టాలి. అందులో కార్టిసాల్ అనే హార్మోను ఎంత ఉందో చూస్తారు. ఆ ఫలితాలు ఇప్పుడు ఆమె ముందు కంప్యూటరు తెర మీద రెండు గీతలుగా ఉన్నాయి.

కిడ్నీల నెత్తిన టోపీ పెట్టినట్టు చెరో చిన్న గ్రంథి ఉంటుందని, ఆ హార్మోను అక్కడి నుంచి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అది చెడ్డదేం కాదట. పులి ఎదురైతే పరిగెత్తడానికి రక్తంలోకి చక్కెర వదులుతుంది, గుండెను తొందర పెడుతుంది, అప్పటికి అవసరం లేని నిద్రను, ఆకలిని, నెలసరిని పక్కకు నెడుతుంది. పొద్దున మనల్ని మంచం మీంచి లేపేది కూడా అదే. పొద్దున పైకి లేచి, రాత్రికి అడుగంటాలి. "పులి ఎప్పుడో ఒకసారి వస్తే పరవాలేదండీ. వచ్చి వంటింట్లో పీట వేసుకుని కూర్చుంటేనే గొడవ," అంది డాక్టరమ్మ.

వంటింట్లో అన్న మాట ఐసమ్మ చెవిలో అక్కడే ఆగిపోయింది.

ఎందుకంటే మొదటి గీత, అంటే డ్యూటీ రోజుది, అంత అన్యాయంగా ఏమీ లేదు. రాత్రికి దిగాల్సినంత దిగలేదు, ఒత్తిడి ఉన్నమాట నిజమే, కానీ నడక మామూలు నడకే. అందరూ ఏ ఉద్యోగం నిన్ను తినేస్తోందన్నారో, ఆ ఉద్యోగం చేసిన రోజు ఒళ్ళు దాదాపు బుద్ధిగానే ఉంది. రెండో గీత సెలవు రోజుది. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆదివారానిది. అది పొద్దున కొండెక్కి కూర్చుంది, మధ్యాహ్నం కాస్త కిందికి వచ్చినట్టు నటించింది, రాత్రికి మళ్ళీ కొండెక్కింది.

డాక్టరమ్మ ఇంతసేపూ ఆడుకున్న పెన్ను కింద పెట్టింది. ఒత్తిడి ఎంత ఉన్నా అంకె ఇంత పెరగదని చెప్పింది. "మీరేమైనా స్టెరాయిడ్ మందులు వాడుతున్నారా? ఒంటి నొప్పులకు పొట్లాలు, బలానికి పొడులు, అలాంటివి? మీకు తెలిసి గానీ, తెలియక గానీ?"

తెలిసి ఏమీ వాడటం లేదంది ఐసమ్మ. మిగిలిన సగం ప్రశ్నను వెంట తీసుకుని బయటపడింది. దారి పొడవునా ఆ సగమే ఆమె పక్కన నడిచింది.

బస్సు ఎక్కకుండా నడిచే వెళ్ళింది. వెలుతురులో నడవమని, గాలి పీల్చినంతసేపటికి రెట్టింపు సేపు వదలమని, మధ్యాహ్నం దాటాక కాఫీ ముట్టవద్దని డాక్టరమ్మ ఇచ్చిన సలహాలు ఆమె తు.చ. తప్పకుండా పాటిస్తోంది. కానీ అనుమానం పక్కన నడుస్తుంటే ఊపిరి ఎంత పొడుగ్గా వదిలినా ఏం లాభం? అనుమానం పెనుభూతం అన్నారు. ఇస్త్రీ కొట్టు దాటేసరికి ఆ భూతానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. బస్టాపు దాటేసరికి ముఖం వచ్చింది. ఇంటి సందు మలుపు తిరిగేసరికి ఆ ముఖం అచ్చం ఆడపడుచు ముఖంలా ఉంది.

ఆడపడుచు, అంటే భర్త అక్క, పోయిన ఏడాది కుట్టుమిషనుతో సహా వీళ్ళింటికి వచ్చి ముందు గదిలో స్థిరపడింది. కర్టెన్లు కుడుతుంది. నోరు పెద్దది, చేయి ఇంకా పెద్దది. ఎవరి పనైనా వాళ్ళ చేతిలోంచి లాక్కుని తానే చేసేస్తుంది. ఐసమ్మ సెలవున్న రోజు సాయంత్రం గ్లాసు నిండా వేడి పాలు తెచ్చి, అడుగు కనిపించేదాకా ఎదురుగా నిలబడుతుంది. డ్యూటీ రోజు ఆ పాలు లేవు. ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటే తన కుట్టుపనికి చేయి సాయంగా ఉంటావని రెండు మూడుసార్లు అననే అంది. డ్యూటీ రోజు గీత మామూలుగా ఉంది. పాలు తాగిన రోజు కొండెక్కింది. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది ఐసమ్మ. అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది, కానీ సిగ్గుతో అనుమానం పోదు కదా.

ఇంట్లోకి వెళ్ళేసరికి ముందు గది నిండా హోటలు వాళ్ళ కర్టెన్ల గుడ్డ. ముదురు నీలం, కొత్త గంజి వాసన. ఆడపడుచు మిషను ఆపి, ముఖం అలా వాడిపోయిందేమిటని తిట్టి, వంటింట్లోకి వెళ్ళి పాలు కాచి తెచ్చింది. ఐసమ్మ గ్లాసు అందుకోలేదు.

"ఈ రోజు మీరు తాగండి వదినా."

ఆడపడుచు ఆమె ముఖంలోకి చూసింది. గ్లాసులోకి చూసింది. మళ్ళీ ముఖంలోకి చూసింది. గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, ఖాళీ గ్లాసును బల్ల మీద బోర్లించింది.

"చక్కెర కాస్త తగ్గింది," అంది మూతి తుడుచుకుంటూ. "ఇంకేం ఎక్కువైందో నువ్వు చెప్పు."

ఐసమ్మ చెప్పేసింది. డాక్టరమ్మ అన్నది, రెండు గీతలు, తెలియక గానీ అన్న మాట, అన్నీ. గొంతు వణకలేదు. వణికి ఉంటే బాగుండేదేమో, ఎదుటి మనిషికి కొంచెం తక్కువ నొప్పి కలిగేది. ఆడపడుచు మిషను ముందు కూర్చుని, సూదిలో వేలాడుతున్న దారాన్ని కత్తెరతో తెంపింది. తెగిన దారాన్ని వేలికి చుట్టి విప్పింది. నోరున్న మనిషి మౌనంగా ఉంటే ఇల్లే చిన్నదైపోతుంది.

"నీకు మందు పెట్టేదాన్నే అయితే," అంది చివరికి, "ఇన్నాళ్ళూ పాలలో పంచదార ఎందుకు దండగ చేస్తాను పిల్లా? నాకు ఈ ఇంట్లో ఉన్న దిక్కు నువ్వు. నా తమ్ముడు మంచివాడే, కానీ నాకు జ్వరం వస్తే నుదురు ముట్టుకుని చూసేది నువ్వు."

అంటూనే ఆమె కుడి చేతి వేళ్ళను ఎడమ చేత్తో బరబరా గోకింది. ఆ వేళ్ళు ఎర్రగా, పొలుసులు లేచి ఉన్నాయి. మిషను సొరుగులోంచి ఓ చిన్న ట్యూబు తీసి, కోపంలో ఉన్నా మానని అలవాటుగా వేళ్ళకు రాసుకుంది.

ఐసమ్మ లేచి నిలబడింది. అదేమిటని అడిగింది. కొత్త గుడ్డ గంజికి చేతులు దురద పెడుతుంటే మందుల కొట్లో ఇచ్చారని, రోజంతా రాసుకుంటూనే ఉంటానని ఆడపడుచు విసుగ్గా చెప్పింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు, నా చేతుల సంగతి నీకెందుకు అని కూడా అంది.

"ఆదివారం పొద్దున నాకు దూది ఎవరు పెట్టారు వదినా?"

"నేనే. నువ్వు నిద్రమత్తులో ఆ మూత తియ్యలేక అవస్థ పడుతుంటే, నోరు తెరువు అని నేనే పెట్టాను. రాత్రి కూడా నేనే పెట్టాను. ఎందుకు?"

దూదిని వేళ్ళతో ముట్టుకోవద్దని, గొట్టాన్ని వంచి నేరుగా నోట్లోకి జార్చుకోవాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పిందే. ఆ మాట ఐసమ్మకు ఇప్పుడు గుర్తొచ్చింది. చెప్పింది ఆమెకు, పెట్టింది ఈవిడ. ఈ ఇంట్లో తప్పులన్నీ ఇలాగే జరుగుతాయి, ప్రేమగా, అడగకుండా. ఐసమ్మ ట్యూబు మీది పేరు చూసుకుంటూ డాక్టరమ్మకు ఫోను చేసింది. అవతల డాక్టరమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఆ ట్యూబులో ఉన్నది అదే హార్మోను, మనుషులు తయారు చేసినది. వేలికి అంటిన పిసరు చాలట దూదిని కొండెక్కించడానికి. పొద్దునది, రాత్రిది రెండూ పనికిరావు, పారేస్తున్నానంది. రోజంతా రాసుకోవడం వల్ల ఆవిడ చర్మం పలచబడుతుందని, ఆ ట్యూబు వెంటనే ఆపించి ఒకసారి తీసుకురమ్మని కూడా చెప్పింది.

ఐసమ్మ ఫోను స్పీకరులో పెట్టి ఉంచింది. ఆడపడుచు అంతా విని, తన వేళ్ళను తానే దొంగల్ని చూసినట్టు చూసుకుంది. తరవాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఐసమ్మకు నవ్వుతో పాటు ఏడుపు కూడా వచ్చింది, చాలా రోజులకు. ఐసమ్మ ఆవిడ కాళ్ళ దగ్గర నీలం గుడ్డ మీద కూర్చుని, తప్పయింది వదినా అంది. ఆడపడుచు ఆమె తలమీద మొట్టికాయ వేయబోయి, వేళ్ళకున్న మందు గుర్తొచ్చి, మోచేత్తో పొడిచింది.

కథ ఇక్కడితో ముగిస్తే అందరం హాయిగా ఇళ్ళకు పోవచ్చు. కానీ డాక్టరమ్మ ఫోను పెట్టెయ్యలేదు.

"మధ్యాహ్నం దూది కూడా ఆవిడే పెట్టారా?" అని అడిగింది.

ఆడపడుచు వెంటనే లేదంది. ఆ ఆదివారం మధ్యాహ్నం తాను ఇంట్లోనే లేదు, హోటలుకు కొలతల కోసం వెళ్ళింది. ఐసమ్మకూ గుర్తుంది, అది తానే గొట్టం వంచి నోట్లోకి జార్చుకుంది. అయితే అది మంచి దూదే అంది డాక్టరమ్మ. అది కొండెక్కలేదు గానీ, డ్యూటీ రోజు మధ్యాహ్నానికి రెట్టింపు ఉంది. పొద్దున, రాత్రి పెద్ద అంకెల మధ్య అది చిన్నగా కనిపించిందే తప్ప నిజానికి చిన్నది కాదు. గట్టిగా ఉలిక్కిపడితే ఆ ఉలికిపాటు ఓ అరగంటకు ఉమ్మిలో తేలుతుందట. "దానికి అరగంట ముందు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఎవరితోనైనా గొడవా? ఏదైనా చెడ్డ వార్తా?"

ఏమీ జరగలేదంది ఐసమ్మ. ఫోను పెట్టేశాక కూడా అదే అంది. కానీ నిజం చెప్పాలంటే, ఏమీ జరగలేదని అంటున్నప్పుడే ఆమె మెడ వెనక చెమట పట్టింది.

కంట్రోల్ రూములో మాస్టారు మొదటి రోజే నేర్పిన పాఠం ఒకటుంది. భయపడ్డ మనిషిని ఎందుకు అని అడగకూడదు. ఎందుకు అంటే బుర్ర కథలు అల్లుతుంది. నీకిప్పుడు ఏం కనిపిస్తోంది, ఏం వినపడుతోంది అని మాత్రమే అడగాలి. ఐసమ్మ కళ్ళు మూసుకుని, తనను అలా అడగమని ఆడపడుచుకు చెప్పింది. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, మహా గంభీరంగా, ఎందుకు భయపడ్డావు అని మొదలుపెట్టింది. ఎందుకు అనకండి అని ఐసమ్మ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

"సరే. ఏం వినపడుతోంది?"

మీ మిషను వినపడటం లేదు, అంది ఐసమ్మ. కింద వాటాలో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. మీ తమ్ముడు బాల్కనీలో కుండీలకు నీళ్ళు పోస్తున్నాడు. చేతులు తడిగా ఉన్నాయని ఫోను పిట్టగోడ మీద పెట్టి, స్పీకరులో చిన్నగా మాట్లాడుతున్నాడు. తన దుకాణానికి కళ్ళద్దాల ఫ్రేములు పంపే వ్యాపారితోనట. నేను గదిలో బట్టలు మడతపెడుతూ మంచినీళ్ళు తాగుతున్నాను. అవతలి మాటలు వినపడటం లేదు. నీళ్ళ చప్పుడు. మళ్ళీ ఆయన సరే, సరే అంటున్నాడు. తరవాత గ్లాసు చేతిలోంచి జారింది.

చెత్తబుట్టలో గాజు ముక్కలు చూశానని ఆడపడుచు అంది. నీరసం వల్ల జారిందనుకున్నానని, జబ్బు లక్షణాల్లో అదొకటి అని లెక్క వేసుకున్నానని ఐసమ్మ అంది.

"గ్లాసు జారేముందు ఏం వినపడింది?"

ఐసమ్మ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. ఊపిరి పీల్చి, రెట్టింపు సేపు వదిలింది. అప్పుడు వినపడింది.

టిక్.

అంతే. గోటితో గాజును ఒకసారి తట్టినంత చప్పుడు. కొంచెం ఆగి మళ్ళీ, టిక్. కంట్రోల్ రూము లైన్లన్నిటిలో, మాటలు రికార్డవుతున్నాయని తెలియడానికి ఆగి ఆగి వినిపించే గుర్తు అది. బయటివాళ్ళకు వినపడినా లైను బాగా లేదనుకుంటారు. లోపలివాళ్ళకు వినపడనే వినపడదు. గోడ గడియారం చప్పుడులాగా చేరిన కొత్తలోనే చెవులు దాన్ని వదిలేస్తాయి. ఐసమ్మ చెవులూ వదిలేశాయి. ఆమె బుర్ర కూడా వదిలేసింది. ఆ చప్పుడుకు తన ఇంటి బాల్కనీలో పని లేదని ఒళ్ళు ఒక్కటే కనిపెట్టి, చేతిలో గ్లాసు వదిలేసింది. పిచ్చిది, ఇన్నాళ్ళూ తిట్లు తిన్నది అదే.

కళ్ళద్దాల ఫ్రేముల వ్యాపారికి ఆ టిక్ ఎక్కడిది?

ఆడపడుచుకు చెబితే ఆవిడ ముఖం పాలిపోయింది. తమ్ముడి మీద మాట పడనివ్వని మనిషి, అయినా తమ్ముణ్ణి వెనకేసుకు రాలేదు. సొంత ఫోన్లు కంట్రోల్ రూము గుమ్మం దగ్గర పెట్టెలో పెట్టి లోపలికి వెళ్ళాలని, లోపలివాళ్ళు బయటికి మాట్లాడాలంటే బల్ల మీది ఫోనే దిక్కని ఐసమ్మ ఎన్నోసార్లు ఇంట్లో చెప్పింది. అయితే లోపలి నుంచి ఎవరో అన్నమాట, అని ఆడపడుచు మెల్లగా అంది. అంతలోనే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

భర్త కళ్ళజోళ్ళ దుకాణం మూసి త్వరగా వచ్చాడు. మెత్తటి మనిషి, ఎవరి మీదా గొంతెత్తడు. జేబులోని ఫోను, కొత్త పెన్ను రెండూ తీసి బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు. ఉప్పు డబ్బా జరిపి కాగితాన్ని సరిచేశాడు. అక్క మిషను ఆగి ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. రేపు పొద్దున హడావుడి ఎందుకు, సంతకం ఇప్పుడే అయిపోతే హాయిగా నిద్రపోవచ్చు కదా అన్నాడు.

ఐసమ్మ పెన్ను తీసుకుంది. మూత తియ్యలేదు.

"ఆదివారం బాల్కనీలో ఎవరితో మాట్లాడారండీ?"

ఈ భర్త నిజం చెప్పేటప్పుడు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. ఇప్పుడు ఆ వ్యాపారి ఊరు చెప్పాడు, ఆయన కొడుకు పెళ్ళి సంగతి చెప్పాడు, ఈసారి వచ్చిన ఫ్రేముల్లో బంగారు రంగువి వంకరగా ఉన్నాయని చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఐసమ్మ పెన్నును కాగితానికి దూరంగా జరుపుతూ పోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ మనిషి తనకు ఇన్ని వివరాలు ఎప్పుడూ చెప్పలేదు.

"నువ్వు బాగుండాలనే," అన్నాడు చివరికి, ఎవరూ అడగని ప్రశ్నకు జవాబుగా. "ఆ గది నిన్ను తినేస్తోంది. నాకు నువ్వు మిగిలితే చాలు." ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. అది ఇంకా కష్టంగా ఉంది. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చేస్తున్నాడు.

అప్పుడు బల్ల మీద ఫోను మోగింది. తెర మీద ఫ్రేములు అన్న పేరు వెలిగింది.

భర్త చెయ్యి చాపాడు. ఆడపడుచు అతని మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది. ఐసమ్మ ఫోను ఎత్తి స్పీకరు నొక్కి, మాట్లాడకుండా ఊరుకుంది.

అవతల ఏదో పెద్ద గది. కుర్చీ చక్రాల చప్పుడు. దూరంగా ఎవరో అమ్మాయి, భయపడకండి, బండి బయల్దేరింది అంటోంది. ఆ తరవాత, టిక్.

"ఏం బాబూ, సంతకం పెట్టిందా?"

ఆ గొంతు ఆమెకు పని నేర్పిన గొంతు. ఆమె తల మీద చెయ్యి వేసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న గొంతు. బాబు పలకకపోయేసరికి మాస్టారు కొంచెం తొందరపడ్డాడు. "ఇంకా నానబెట్టకు. విచారణకు పై నుంచి మనుషులు వస్తున్నారు. ఆ వంతెన రికార్డింగు తాను వింటానని అది అడగకముందే సంతకం పెట్టించెయ్యి. విన్నదంటే డ్రైవరుకు తూర్పు అని చెప్పిందెవరో దానికి తెలిసిపోతుంది."

టిక్.

ఆయన చెవులు కూడా ఎప్పుడో వదిలేశాయి ఆ చప్పుడును. ఈ మాట కూడా ఆ గదిలోనే ఎక్కడో భద్రంగా చేరిపోతోందని, చేరుతున్నంతసేపూ ఆయనకు తట్టలేదు.

భర్త ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన నాకు అలా చెప్పలేదు, నువ్వే అన్నావని చెప్పాడు అని వినీ వినపడకుండా అన్నాడు. ఐసమ్మ ఫోనును బల్ల మధ్యలో పెట్టింది. ఆమె నిండా గాలి పీల్చుకుని, డాక్టరమ్మ చెప్పినట్టు మెల్లగా, చాలా మెల్లగా వదిలింది. తరవాత బల్ల ముందు కుర్చీ లాక్కుని, డ్యూటీలో కూర్చునే తీరుగా నడుము నిటారుగా పెట్టి కూర్చుంది.

"అత్యవసర సేవ," అంది. గొంతు ఇసుమంత కూడా వణకలేదు. "ఈ మాటలు రికార్డవుతున్నాయి. చెప్పండి మాస్టారూ, ఆ రోజు ఏం జరిగింది?"